మోజు బరువు

షాపు షట్టరు తొమ్మిదిన్నరకు లేస్తుంది. తూచే ఆవిడ ఎనిమిదిన్నరకే వచ్చేస్తుంది. పక్క తలుపు తాళం తీసి, అద్దాల బీరువాల మీద దుమ్ము తుడిచి, కాటా మీద కప్పిన గుడ్డ తీసి మడతపెట్టి, గోడ గడియారం ఎదురుగా స్టూలు జరుపుకుంటుంది. ఆ తర్వాత ఒక్కొక్క కెమెరానే తీసి తూస్తుంది. ఆ వీధి వీధంతా ఆమెను పిన్ని అనీ, ఆమె భర్తను బాబాయి అనీ పిలుస్తుంది. మనమూ అలాగే అనుకుందాం, పోయేదేముంది.

తూకం ఎందుకంటే ధర కట్టడానికి. ఏ వస్తువైనా ఎంతమంది కోరుకుంటే అంత బరువెక్కుతుంది కదా. పెట్టె మీద అచ్చు వేసేది కంపెనీ బరువు. దాని మీద జనం ఎక్కించేది మోజు బరువు. బట్టల షాపులోనైనా, బూట్ల షాపులోనైనా పొద్దున్నే కాటా వేయందే ధరల చీటీలు రాయరు. తెల్లారేసరికి జనం మనసు మారిపోతే, నిన్నటి చీటీ పెట్టుకుని కూర్చున్నవాడు నెత్తిన గుడ్డ వేసుకోవాల్సిందే.

తూచేవాళ్లకు రెండు నియమాలున్నాయి. మొదటిది, తూచే మనిషికి ఆ వస్తువు మీద ఆశ ఉండకూడదు. ఉంటే ఆ ఆశ కూడా పోయి కాటాలో కూర్చుంటుంది, కొనేవాడు దానికీ కలిపి డబ్బు కట్టాలి. రెండోది, ఏ రోజుకైనా మొదటి తూకమే తూకం. ముల్లు చూశాక ఎవరి మనసూ ఊరుకోదు. ఇంతేనా అంటుంది, అమ్మో ఇంతా అంటుంది. అందుకని రెండోసారి తూస్తే వచ్చేది వస్తువు బరువు కాదు, చూసినవాళ్ల బరువు.

పిన్నికి ఇరవై రెండేళ్లుగా ఇదే పని. సెకన్ల ముల్లు వంక చూస్తూ ఊపిరంతా వదిలేస్తుంది. లోపల మూడుసార్లు అనుకుంటుంది, నాకొద్దు, నాకొద్దు, నాకొద్దు అని. మూడో నాకొద్దు దగ్గర వస్తువు కాటా ఎక్కుతుంది. పనిలో చేరేటప్పుడు పెద్దాయన, అంటే చనిపోయిన పాత ఓనరు, తన భార్య బంగారు గొలుసు చేతికిచ్చి తూచమన్నాడు. అప్పటికి పదిమంది చేత తూయించాడు, పదిసార్లూ పది రకాలుగా వచ్చింది. పిన్ని తూస్తే సరిగ్గా వచ్చింది.

“ఏమ్మా, బంగారం చూసినా ఆశ పుట్టదా నీకు?” అన్నాడు పెద్దాయన.

“పుడుతుందండీ. పొమ్మంటే పోతుంది.”

అదీ పిన్ని గొప్పతనం. గొప్పతనమో, శాపమో, అప్పట్లో ఆమెకూ తెలీదు.

మనుషుల సంగతి వేరు. మనిషికి కంపెనీ బరువంటూ ఉండదు. ఎవరో ఒకరు కావాలనుకోవడమే మనిషి బరువు. అందుకే అప్పుడే పుట్టిన పిల్లల్ని ఇద్దరు నర్సులు పడితే గాని ఎత్తలేరు. రిటైరైన గుమాస్తాలు జేబుల్లో గులకరాళ్లు వేసుకుని షికారుకు వెళతారు. ఎవరికీ పనికిరాని మేనమామలు కరెంటు తీగలకు తగలకుండా ఇంట్లోవాళ్లే కాస్త కనిపెట్టుకుని ఉంటారు.

బాబాయి ఆ షాపులోనే వెనకవైపు బల్ల దగ్గర రీలు కెమెరాలు బాగుచేసేవాడు. ఆయన రోజుల్లో పత్రికల ఫోటోగ్రాఫర్లు, పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్లు ఆ బల్ల చుట్టూ నిలబడి ఆయన చెయ్యి ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూసేవాళ్లు. అప్పుడు బాబాయి నడిస్తే మెట్లు కిర్రుమనేవి. ఇంట్లో మంచం పట్టెలు రెండుసార్లు మార్చారు. ఫోన్లలో కెమెరాలొచ్చాక ఒక్కొక్కరే రావడం మానేశారు. ఆరేళ్లకు ఆయన ఎంత తేలికైపోయాడంటే, ఒకరోజు బస్టాండులో నాణెం వేస్తే చీటీ ఇచ్చే కాటా ఎక్కితే పదకొండు కిలోలు వచ్చింది.

చీటీ చూసి బాబాయి నవ్వాడు. “ఈ పదకొండూ నీవేనే.”

“మరెవరివి? పక్కింటావిడవా?” అంది పిన్ని.

పిల్లాపాపా లేని ఇల్లు. పిన్ని పదకొండు కిలోల మీదే ఆయన నేల మీద నిలబడ్డాడు. తోడుగా రెండు జేబుల్లోనూ ఒక్కో ఇనప ముక్క. ఆ చీటీని అద్దంలో పెట్టించి గోడకు తగిలిస్తానని వేళాకోళమాడేవాడు. తగిలించలేదు గాని పారేయనూ లేదు, చొక్కా జేబులోనే ఉంచుకున్నాడు.

అలా ఉండగా ఒక మంగళవారం షాపులోకి ఒక బుల్లి కెమెరా వచ్చింది.

అరచేతిలో ఇమిడిపోతుంది. నల్లటి తోలు తొడుగు, పైన వెండి రంగు మూత, చుట్టూ గీతలు చెక్కిన గుండ్రటి మరలు, కుడి పక్కన రీలు తిప్పే మీట. చూస్తే యాభై ఏళ్ల కిందటి కెమెరానే. లోపల మాత్రం రీలూ లేదు, గీలూ లేదు, ఫోన్లో ఉండే చిప్పే. ఓనరు దాన్ని తెచ్చి బాబాయి చేతిలో పెట్టాడు. ఓనరంటే పెద్దాయన కొడుకు. నలభై ఐదేళ్లొచ్చి జుట్టు నెరిసినా అందరికీ చిన్న ఓనరే.

బాబాయి మీట లాగాడు. క్రిక్ మంది. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ లాగాడు.

“లోపల ఏమీ కదలట్లేదురా.”

“కదలక్కర్లేదు బాబాయ్. క్రిక్ మంటే చాలు.”

“రీలు లేనప్పుడు ఇదెందుకు?”

“లాగడానికి. ఒక ఫోటో తీశాక ఇది లాగితేనే రెండోది తీయనిస్తుంది. కంపెనీవాడు కావాలనే పెట్టాడు.”

బాబాయి దాన్ని తిప్పి తిప్పి చూశాడు. “కొత్తొక వింత, పాతొక రోత అన్నారు పెద్దలు. ఇది పాత వేషం కట్టిన కొత్తది. వింత దానికెళ్లింది, రోత నాకు మిగిలింది” అని తిరిగిచ్చేశాడు.

పిన్ని తూచింది. కంపెనీ బరువు రెండు వందల నలభై గ్రాములు, మోజు రెండు గ్రాములు. అచ్చువేసిన ధర ముప్ఫై ఎనిమిది వేలకే చీటీ రాసి బీరువాలో పెట్టింది. ఇది కదలదులే అనుకుంది.

రెండో వారానికి ఆరు వందల గ్రాములైంది. మూడో వారంలో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, షాపుకు నెలకు నాలుగే ఇస్తాం, ఎదురుచూసేవాళ్ల పేర్లు రాసుకోండి అని. ఆ కబురు వీధిలో పొక్కిందో లేదో, మర్నాడు పొద్దున కాటా రెండు కిలోలు దాటింది. లేదు అన్న మాటకు ఉన్నంత బరువు ఉంది అన్న మాటకు ఎక్కడిది? నెల తిరిగేసరికి నాలుగు కిలోల మూడు వందలు, ధర లక్షకు దగ్గర. అద్దం అర పగిలితే ఇనప బల్ల వేశారు. కొన్నవాళ్లు దాన్ని మెడలో వేసుకుని, మెడ వంగిపోయి, నేల చూపులు చూస్తూ వెళ్లేవాళ్లు. ఆ వంగిన మెడే ఒక హోదా అయిపోయింది. కెమెరా దొరకని కొందరు ఉత్తినే మెడ వంచుకుని తిరిగారు. కొన్నవాళ్లలో సగం మంది ఒక్క ఫోటో కూడా తీయకుండా మెట్లు దిగుతూనే లక్షా ఇరవైకి అమ్మేసి, తేలిగ్గా మెడ రుద్దుకుంటూ వెళ్లిపోయారు.

పేర్ల జాబితాలో నూట నలభై మూడో నంబరు ఒక అమ్మాయిది. పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. రోజూ భోజనాల వేళ వచ్చి, చూపించడానికి పెట్టిన కెమెరా మీట నాలుగుసార్లు లాగి వెళ్లిపోతుంది. షాపులో అందరూ ఆమెను నూట నలభై మూడు అనే పిలిచేవాళ్లు.

“ఏమే నూట నలభై మూడూ, నీ చేతిలో ఫోను ఉందిగా. అందులో రానిది ఇందులో ఏమొస్తుంది?” అంది పిన్ని.

ఆ అమ్మాయి ఇంకోసారి మీట లాగింది. “ఫోనులో నా ఫోటోలు ఇరవై వేలున్నాయండీ. ఒక్కటీ నేను తీసినట్టుండదు. ఇది లాగితే, ఏదో చేశానన్నట్టు ఉంటుంది.”

ఆ మాట వెనక బల్ల దగ్గరున్న బాబాయి చెవిన పడింది. “ఇలా రా అమ్మా” అని పిలిచాడు. సొరుగులోంచి అసలు కెమెరా తీశాడు. బుల్లి కెమెరాను ఏ కెమెరాను చూసి చేశారో, అదే. దాన్ని ఆయన నాలుగు వందల సార్లు విప్పి ఉంటాడు. వెనక మూత తెరిచి, పాడైన రీలు ముక్క ఒకటి వేసి మీట లాగాడు. పళ్ల చక్రం తిరిగింది, రీలు జరిగింది, అంకె మారింది, స్ప్రింగు బిగిసింది.

“చూశావా, ఒక్క లాగుడుకు నాలుగు పనులు.”

నూట నలభై మూడు నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ఫోను తీసి ఆయన చేతుల్ని ఫోటో తీసుకుంది. అరిగిన గోళ్లు, నూనె మరకలు, మధ్యలో వెండి మెరుపు. సాయంత్రానికి ఆ ఫోటో ఊరంతా తిరిగింది.

రెండు రోజులకు చిన్న ఓనరు బాబాయి దగ్గరికి స్టూలు జరుపుకుని కూర్చున్నాడు. “బాబాయ్, నువ్వు వీధి వైపు షోకేసు అద్దంలో కూర్చోవాలి. నల్ల గుడ్డ కట్టుకుని, కంటికి భూతద్దం పెట్టుకుని. ముందు ఒక పాత కెమెరా విప్పి పెడతాను.”

“ఏం బాగుచేయాలి?”

“ఏమీ వద్దు. ఒక స్క్రూ తియ్యి, మళ్లీ పెట్టు. జనం చూస్తారు, లోపలికొస్తారు, బుల్లిదాని కోసం పేరు రాయిస్తారు.”

బాబాయి చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు. “నన్ను ఆ మీటను చేస్తావన్నమాట. లాగితే క్రిక్ మంటుంది, లోపల ఏమీ జరగదు” అని లేచి వెళ్లిపోయాడు.

ఒప్పించింది పిన్నే. ఎందుకంటే ముందు వారం బస్టాపులో గాలి విసురుకు, రెండు జేబుల్లో ఇనప ముక్కలున్నా బాబాయి కాళ్లు జానెడు పైకి లేచాయి. ఆమె చటుక్కున చొక్కా పట్టుకుంది. ఇద్దరూ నవ్వేసి ఊరుకున్నారు గాని, ఆ తర్వాత పిన్నికి ఆయన చొక్కా వదలాలంటే భయం పట్టుకుంది. తను ఒక్కతే ఎన్నాళ్లు ఆపగలదు? తనకు జ్వరమొస్తే? తనకేదైనా అయితే?

“కూర్చోండి. నలుగురూ చూస్తే నాలుగు కిలోలు ఒంటికి పడతాయి” అంది.

“చూడ్డం వేరు, కావాలనుకోవడం వేరే.”

“కాటాకు ఆ తేడా తెలీదండీ. నా కోసం కూర్చోండి.”

తన కోసం అన్నాక ఆయన కాదనలేకపోయాడు.

కూర్చున్నాడు. మొదటి వారం ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. స్క్రూ తీసి, పెట్టి, తీసి, పెట్టి. అద్దం బయట జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి. “తాతా, ఇటు చూడండి!” అన్నారు. రెండో వారానికి ఇనప ముక్కలు జేబుల్లోంచి తీసేశాడు. నెలకు చెక్క స్టూలు విరిగితే ఇనప స్టూలు తెచ్చారు. ఇంటికి నడుస్తుంటే మెట్లు కిర్రుమన్నాయి. పిన్ని ఆగి ఆ చప్పుడు విని, పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ సంతోషం ఆమెకు నిజంగానే కలిగింది. తర్వాత ఎంత తిట్టుకున్నా, ఆ రోజు మాత్రం కలిగింది.

బాబాయికీ రుచి మరిగింది. లేనిపోని కబుర్లు మొదలుపెట్టాడు. ఒకప్పుడు ఫలానా రాజుగారి కెమెరా బాగుచేశానన్నాడు. ఆయన ఏ రాజునూ చూడలేదు, రాజుగారి బంట్రోతును కూడా చూడలేదు. అద్దంలోంచి వెలుగు ఎటునుంచి పడితే చేతులు బాగా కనిపిస్తాయో కనిపెట్టి అటు తిరిగి కూర్చునేవాడు. ఫోటోల కోసం నిలబడే వరసకు చోటు చాలడం లేదని చిన్న ఓనరు వెనకున్న రిపేరు బల్ల తీయించేసి, పనిముట్లు గోదాములో పడేయించాడు. బాబాయి చూసి కూడా ఏమీ అనలేదు. పిన్నికి అది ముల్లులా గుచ్చుకుంది, కానీ ధరల చీటీలు రాసుకుంటూ ఆమె కూడా ఊరుకుంది.

ఒకరోజు మధ్యాహ్నం, షాపు కిటకిటలాడుతుండగా స్కూలు బస్సు నడిపే ఒకాయన వచ్చాడు. జనాన్ని తప్పించుకుంటూ బాబాయి ముందుకొచ్చి సంచిలోంచి ఒక పాత రీలు కెమెరా తీశాడు. నిజమైనది.

“మా ఆవిడదండీ. పోయి నాలుగు నెలలైంది. దీన్లో సగం రీలు అలాగే ఉంది. మీట ఇరుక్కుపోయింది. వెలుతుర్లో తెరిస్తే రీలంతా పోతుందట కదా. ఇంకెవరూ చేయరు, మీరే చేస్తారన్నారు.”

బాబాయి దాన్ని అందుకున్నాడు. బొటనవేలితో మీటను ఇంత కదిపాడు, అంతే. ఎక్కడ పట్టేసిందో తెలిసిపోయింది. వెలుతురు చొరని నల్ల సంచిలో చేతులు పెట్టి తీస్తే పది నిమిషాల పని. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో అసలు బాబాయి కనిపించాడు.

“నల్ల సంచి” అన్నాడు. “వెనక, నా బల్ల కింద...” బల్ల లేదని అప్పుడు గుర్తొచ్చింది. గోదాముకు వెళదామని లేవబోయాడు. లేవలేకపోయాడు. రెండు చేతులూ స్టూలుకు ఆనించి మళ్లీ ప్రయత్నించాడు. బయట జనం “అయ్యో తాత లేస్తున్నాడు, ఎంత ముద్దుగా ఉన్నాడో చూడు” అని ఫోన్లు పైకెత్తారు. వాళ్లు ముచ్చటపడినకొద్దీ ఆయన ఇంకా బరువెక్కాడు. స్టూలు కింద టైలు పగిలింది.

“ఇప్పుడు రిపేర్లేంటి బాబాయ్, ఇంతమంది నిలబడుంటే?” అని చిన్న ఓనరు విసుక్కుని, బస్సాయనతో “వచ్చే వారం రండి సార్” అన్నాడు.

బస్సాయన గడియారం చూసుకున్నాడు. స్కూలు వదిలే వేళైంది. బాబాయి చేతుల్లోంచి కెమెరా జాగ్రత్తగా తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు.

“ఆయన్ని ఆపవే” అన్నాడు బాబాయి.

పిన్ని చేతిలో చీటీల కట్ట ఉంది. ముందు ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. “మళ్లీ వస్తాడులెండి” అంది.

ఆయన మళ్లీ రాలేదు. వారం చూశారు, రెండు వారాలు చూశారు. బాబాయి ఆ మాట ఎత్తలేదు, పిన్నీ ఎత్తలేదు. ఇంట్లో కంచాల చప్పుడే ఎక్కువ వినిపించేది.

ఆ తర్వాత మోజు దిగింది. ఎక్కినంతసేపు పట్టలేదు దిగడానికి. కంపెనీవాడు ఒక శుక్రవారం ప్రకటన వేశాడు, ఇక ఎదురుచూడక్కర్లేదు, ఎవరికి కావలిస్తే వాళ్లకు, ఐదు రంగుల్లో అని. శనివారం కాటా కిలోకు వచ్చింది. సోమవారం మూడు వందల గ్రాములు. అందరి మెడల్లోనూ అదే ఉంటే ఎవరి మెడ ఎవరు చూస్తారు? పది రోజులకు రెండు వందల ముప్ఫై తొమ్మిది వచ్చింది. కంపెనీ బరువు కంటే ఒక గ్రాము తక్కువ! పిన్ని తన సర్వీసులో అలాంటిది చూడలేదు. జాబితాతో పని లేకుండానే ఆ రోజు నూట నలభై మూడుకు కెమెరా వచ్చింది. సగం ధరకు దొరికింది. మెడలో వేసుకుని, తల పైకే ఉండిపోతే దిక్కులు చూసి, “ఇంత తేలికా అండీ?” అంది.

బాబాయి కూడా దిగిపోయాడు. జనం అద్దం ముందు ఆగడం మానేశారు. ఆయన మాత్రం స్క్రూ తీసి పెడుతూనే ఉన్నాడు. ఇనప స్టూలు మీద నుంచి ఇప్పుడు ఇట్టే లేవగలిగేవాడు, లేచి చేసే పనే లేదు. ఇనప ముక్కలు మళ్లీ జేబుల్లోకి వచ్చాయి.

చిన్న ఓనరు చెడ్డవాడు కాదు, వ్యాపారస్తుడు. ఒక పొద్దున మెల్లగా పిన్ని దగ్గరికొచ్చాడు. “పిన్నీ, అద్దంలో పాత గ్రామఫోను పెట్టమంటున్నారు అందరూ. బాబాయిని తీసేయడానికి నాకు మనసొప్పట్లేదు. ఒకసారి తూచి చూద్దాం. పాతిక కిలోలకు పైనుంటే ఆయన్నే ఉంచుతాను. నా మాట, నీ కాటా.”

“మనిషిని తూస్తావేంట్రా?” అంది పిన్ని.

“తూయనీవే” అన్నాడు బాబాయి. “నాకూ తెలుసుకోవాలనే ఉంది. పదకొండు ఎలాగూ ఉంటాయి. ఆ పైన ఎంతో చూద్దాం.”

పెట్టెలు తూచే పెద్ద కాటా వెనక పెరట్లో, లారీ ఆగేచోట ఉంది. పైన కప్పు లేదు. గాలి కాస్త విసురుగానే ఉంది. బాబాయి జేబుల్లోంచి ఇనప ముక్కలు తీసి గోడ మీద పెట్టాడు. చెప్పులు విడిచాడు. కాటా పక్క కడ్డీ పట్టుకుని నిలబడి పిన్ని వంక చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వులో కాస్త బెదురు ఉంది, కాస్త ధైర్యం ఉంది. ఆ ధైర్యం పిన్నిని చూసుకునే.

పిన్ని కాటా ముందు నిలబడింది. ఇరవై రెండేళ్ల అలవాటు. కళ్లు వాటంతటవే తలుపులోంచి గోడ గడియారం మీదికి పోయాయి. సెకన్ల ముల్లు చూస్తూ ఊపిరి వదిలింది. నాకొద్దు, నాకొద్దు, నాకొద్దు. మూడో నాకొద్దు దగ్గర, ఎప్పట్లాగే, “ఊఁ” అంది. బాబాయి కడ్డీ వదిలి కాటా ఎక్కాడు.

ముల్లు కదల్లేదు. సున్న దగ్గరే నిలబడింది.

బాబాయి కిందికి చూశాడు. ముల్లు చూశాడు. పిన్ని మొహం చూశాడు. అప్పుడు గాలి వచ్చింది.

ఆయన ఏమీ పట్టుకోలేదు. పట్టుకోవాలనుకున్నాడో లేదో కూడా తెలీదు. గోడ ఎత్తు, మొదటి అంతస్తు కిటికీ ఎత్తు, రెండో అంతస్తు ఎత్తు, ఒక్కో ఎత్తే దాటుకుంటూ నిదానంగా పైకి పోయాడు. అప్పటికి గాని పిన్నికి తానేం చేసిందో తెలిసిరాలేదు. “ఏమండీ!” అని అరిచింది. అరవడంతోనే పదకొండు కిలోలూ, వాటితోపాటు ఎన్నాళ్లుగానో కాటాకు చిక్కకుండా దాచుకున్నవీ ఒక్కసారే ఆయన మీద పడ్డాయి. బాబాయి రాయిలా ఒక అంతస్తు మేర కిందికి జారాడు. కింద సిమెంటు నేల, లారీ ఇనప అంచు.

“పిన్నీ, వద్దు! పడిపోతాడు!” అని అరిచాడు చిన్న ఓనరు.

పిన్ని కళ్లు గట్టిగా మూసుకుంది. నాకొద్దు, నాకొద్దు, నాకొద్దు అంది. ఈసారి పైకే అంది. కళ్లు తెరిచేసరికి బాబాయి మళ్లీ పైకి లేస్తున్నాడు. కొంచెంగా కోరుకుంటే మెల్లగా దిగుతాడేమో అని ఇంకోసారి ప్రయత్నించింది. గ్రాము గ్రాముగా కోరుకోవడం కొత్తవాళ్లకు చేతనవుతుంది. ఇరవై ఆరేళ్ల కాపురానికి చేతకాదు. వస్తే అంతా వస్తుంది. ఆయన మళ్లీ జారాడు, ఆమె మళ్లీ వద్దంది. చిన్న ఓనరు నిచ్చెన తెచ్చేసరికి అది అందే ఎత్తు దాటిపోయింది.

“అలవాటులో అనేశానండీ! మళ్లీ తూస్తాను, దిగండి!” అని ఏడుస్తూ అరిచింది.

పైనుంచి బాబాయి గొంతు వినిపించింది. కోపం లేదు అందులో. అదే ఆమెకు తర్వాత్తర్వాత మరీ భరించలేనిదైంది.

“మొదటి తూకమే తూకం కదే.”

డాబా అంచు దాటాక గాలి ఆయన్ని పక్కకు తీసుకుపోయింది. ఆయన జేబులోని బస్టాండు చీటీ ఊగుతూ ఊగుతూ వచ్చి కాటా పళ్లెంలో పడింది.

అద్దంలో గ్రామఫోను పెట్టారు. పిన్ని మూడు రోజులు ఇంట్లో ఉండి నాలుగో రోజు పనికొచ్చింది. ఇంట్లో ఉంటే మనసు ఊరుకోదు, ఊరుకోకపోతే ఆయన ఎక్కడ ఏ ఎత్తు నుంచి పడతాడో తెలీదు. అందుకని కాటా ముందే నయం. ఎక్కడో ఎవరికో ఆయనతో పని పడితే, కొత్త కోరిక కాబట్టి మెల్లగా దించుతుంది అని వీధిలో పెద్దవాళ్లు ధైర్యం చెప్పారు. దిగాడో లేదో ఎవరు చూశారు? దిగాడని ఖాయంగా తెలిసేదాకా ఆమె కోరుకోకూడదు. కంచం ముందు కూర్చున్నా, బస్సు కోసం నిలబడ్డా, మెట్లెక్కుతున్నా లోపల అదే మాట తిప్పుకుంటూ ఉంటుంది. ఆ మెట్లు ఇప్పుడు కిర్రుమనవు. ఆమె బరువు కూడా ఏమంత మిగల్లేదు. ఆయన ఇనప ముక్కలు ఆమె చేతిసంచిలో ఉంటాయి.

చిన్న ఓనరు మాత్రం పదిమందితో అంటుంటాడు, ఈ మధ్య మా పిన్ని తూకంలో అర గ్రాము తేడా కూడా రాదని. పక్క షాపులవాళ్లు కూడా తమ వస్తువులు పంపి ఆమె చేతే తూయిస్తున్నారు.

ఒక రోజు భోజనాల వేళ నూట నలభై మూడు పరుగెత్తుకుంటూ వచ్చింది. మెడలో ఆ బుల్లి కెమెరా ఊగుతోంది. దాన్ని ఇంకా వేసుకుని తిరిగేది ఆ అమ్మాయి ఒక్కతే.

“పిన్నిగారూ, బాబాయిగారు కనిపించారండీ! మా ఆసుపత్రి డాబా మీదుగా వెళ్లారు. ఎవరూ నమ్మరని ఫోటో తీశాను. ఇదిగో చూడండి, దగ్గరికి లాగితే మొహం కూడా బాగా కనిపిస్తోంది.”

కెమెరా ముందుకు చాపింది. చిన్న తెర వెలుగుతోంది. పిన్ని దాని వంక చూడలేదు. తలెత్తి గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూసింది. ఊపిరంతా మెల్లగా వదిలేసింది.

“నాకొద్దమ్మా” అంది.

ఇంకో రెండుసార్లు అని, తర్వాతి కెమెరా తీసి కాటా మీద పెట్టింది.